కన్నీరు పోయే దారి

కంట్లో చుక్కల మందు వేసుకుని పడుకుంటే, రెండు మూడు నిమిషాల్లో గొంతులో చేదు తగులుతుంది. చాలామందికి ఇది అనుభవమే. మందు వేసింది కంట్లో, రుచి తెలిసింది గొంతులో. ఏడ్చేవాళ్ళు కళ్ళతోపాటు ముక్కూ తుడుచుకోవాల్సి రావడానికీ కారణం అదే. కంట్లోంచి ముక్కులోకి, అక్కడినుంచి గొంతులోకి ఒక దారి ఉంది. ఈ అధ్యాయమంతా ఆ దారి గురించే.

దాని మొదలు చూడాలంటే అద్దం ముందు నిలబడి, కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగండి. ముక్కు వైపు కనుకొలకు దగ్గర, రెప్ప అంచు మీద ఒక చిన్న మిట్ట ఉంటుంది. దాని నడినెత్తిన గుండుసూదితో పొడిచినట్టు ఒక చుక్క కనిపిస్తుంది. అదే కన్నీటి రంధ్రం. వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు. పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి, కంటికి రెండు. వాటినుంచి బయలుదేరిన సన్నటి గొట్టాలు రెండు మిల్లీమీటర్లు నిలువుగా పోయి, ముక్కు వైపు మలుపు తిరిగి మరో ఎనిమిది మిల్లీమీటర్లు నడుస్తాయి. ఎక్కువమందిలో రెండూ ఒకటిగా కలిసి కన్నీటి సంచిలో పడతాయి. కంటికీ ముక్కుకూ మధ్య ఎముకలో ఉన్న చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది ఆ సంచి. దాని అడుగునుంచి కన్నీటి నాళం ఎముక గొట్టంలోంచి కిందికి దిగి ముక్కులో తెరుచుకుంటుంది. అంతా కలిపినా నాలుగు సెంటీమీటర్లకు మించదు.

ఇంత సన్నటి దారిలోంచి నీరు దానంతటదే పోదు, రెప్ప తోడాలి. మనం నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. రెప్ప బయటి కొస నుంచి ముక్కు వైపుకు వరసగా మూసుకుంటూ నీటిని కొలకులోకి నెడుతుంది. అదే క్షణంలో గొట్టాల చుట్టూ ఉన్న కండరం వాటిని పిండుతుంది. రెప్ప తెరుచుకోగానే గొట్టాలు విప్పారి కొత్త నీటిని పీల్చుకుంటాయి. పక్షవాతంతో ముఖం ఒక పక్కకు వాలిపోయినవాళ్ళకు దారంతా తెరిచే ఉన్నా కన్ను కారుతుంది. అక్కడ చెడింది కాలువ కాదు, తోడే యంత్రం.

కంటి మీద ఏ సమయంలోనైనా ఉండే కన్నీరు దాదాపు ఏడు మైక్రోలీటర్లు. సీసాలోంచి పడే ఒక్క మందు చుక్క ముప్ఫై నుంచి యాభై మైక్రోలీటర్లు. కన్ను పట్టుకోగలిగిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ మందు వేస్తున్నామన్నమాట. మిగిలింది చెంప మీదికి జారుతుంది, లేదా ఈ దారిన ముక్కులోకి దిగి అక్కడి పొరల్లోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. నీటికాసులకు వాడే టిమొలాల్ చుక్కలు కొందరిలో గుండె వేగాన్ని తగ్గించేదీ, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆయాసం తెప్పించేదీ ఇలాగే. అందుకే చుక్క వేసుకున్నాక కళ్ళు మూసుకుని కనుకొలకును వేలితో రెండు మూడు నిమిషాలు అదిమి పట్టుకోమంటారు. మందు కంట్లోనే నిలుస్తుంది, ఒంట్లోకి పోయేది తగ్గుతుంది. మందులచీటీ మీద ఈ మాట రాసేవాళ్ళు తక్కువ. రాస్తే ఎంత బాగుంటుందో!

గోదావరి డెల్టాలో వ్యవసాయం చేసినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. చేనుకు నీళ్ళు తెచ్చే పంట కాలువ ఎంత అవసరమో, నీళ్ళు తీసుకుపోయే మురుగు కాలువ కూడా అంతే అవసరం. మురుగు కాలువ పూడితే వచ్చిన నీరు అక్కడే నిలిచి చేను కుళ్ళుతుంది. కన్ను విషయంలో మాత్రం వైద్యులు కూడా చాలాకాలం నీరు తెచ్చే పైకాలువ గురించే ఆలోచించారు. కన్నీరు మెదడులోంచి కారుతుందన్న నమ్మకం యూరప్‌లో శతాబ్దాల తరబడి నడిచింది. 1662లో డెన్మార్క్‌కు చెందిన నీల్స్ స్టెన్సెన్ కన్నీటి గ్రంథిని, దాని చిన్న నాళాలను కోసి చూపించి, నీరు వచ్చేది అక్కడినుంచని తేల్చాడు. భూమి పొరలను చదవడం ప్రపంచానికి నేర్పిన స్టెనో ఈయనే.

మన దేశంలో చూపు మరో వైపు పోయింది. సుశ్రుత సంహిత కంటి జబ్బులను డెబ్బై ఆరుగా లెక్కపెట్టింది. రెప్పలకు ఇరవై ఒకటి, సంధులకు తొమ్మిది. ఆ తొమ్మిదిలో పూయాలసం అన్నది కనుకొలకు దగ్గర వాచి, నొప్పిపెట్టి, పగిలి చీము కారే జబ్బు. ఇప్పటి వైద్యులు దాన్ని కన్నీటి సంచికి పట్టే చీముగా పోలుస్తారు. ఇక నాలుగు స్రావాలంటూ కొలకులోంచి కారేదాన్ని చీము, శ్లేష్మం, రక్తం, పిత్తం అని విడదీశారు. గొట్టం ఆకారం తెలియకపోయినా, జబ్బు ఉన్న చోటు కొలకేనని వాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు.

ఇక మా మేనత్త సంగతి. యాభై ఐదు దాటాక ఆమె కుడికన్ను ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. ఎండలో కారేది, గాలికి కారేది, పొయ్యి దగ్గర కారేది. కొంగుతో తుడిచీ తుడిచీ రెప్ప కింద చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. పొద్దున లేచేసరికి పుసులు కట్టేవి. ఊళ్ళో అందరూ ‘నీరుకన్ను, పెద్దతనం’ అన్నారు. ఆమె కూడా అదే నమ్మి నాలుగేళ్ళు గడిపింది. శుక్లం ఆపరేషనుకు తీసుకెళ్ళిన రోజునే అసలు సంగతి బయటపడింది.

డాక్టరు ముందుగా కనుకొలకు పక్కన, ముక్కు మొదట్లో, వేలితో నొక్కాడు. కింది రంధ్రంలోంచి తెల్లటి జిగురు పైకి ఉబికింది. తర్వాత తిమ్మిరి చుక్క వేసి, మొద్దు మొన ఉన్న సన్నటి సూదిని రంధ్రంలోకి పోనిచ్చి, సిరంజిలోని ఉప్పునీటిని మెల్లగా వదిలాడు.

“గొంతులోకి ఉప్పగా తగిలిందా అమ్మా?”

“లేదు బాబూ. మళ్ళీ కంట్లోంచే వచ్చేసింది.”

నిజంగానే, కింది రంధ్రంలో వదిలిన నీరు పై రంధ్రంలోంచి బయటికొచ్చి ఆమె చెంప మీద కారింది. రెండు గొట్టాలూ, సంచీ తెరిచే ఉన్నాయి, కింది నాళం మూసుకుపోయింది. పరీక్షకు పట్టింది రెండు నిమిషాలు. దీనికి వాడే సన్నటి సిరంజిని 1713 ప్రాంతంలో డొమినిక్ ఆనెల్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. మూడు వందల ఏళ్ళు దాటినా పరీక్ష దాదాపు అదే. పసిపిల్లలకైతే సిరంజి అక్కర్లేదు. ఫ్లోరెసిన్ అనే పసుపుపచ్చ రంగు చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగి చూస్తారు. రంగు కంట్లోనే నిలిస్తే దారి మూసుకున్నట్టు.

ఆ రోజు శుక్లం ఆపరేషను ఆపేశారు. ఆమె చిన్నబుచ్చుకుంది, కానీ డాక్టరు చేసింది సరైన పనే. కన్నీటిలో లైసోజైమ్ ఉంటుంది, అది సూక్ష్మక్రిములను చంపుతుంది. 1920ల మొదట్లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని అధ్యయనం చేయడానికి తోటివాళ్ళ కళ్ళలో నిమ్మరసం పిండి కన్నీళ్ళు సేకరించాడు. అంత శక్తి ఉన్న నీరైనా సంచిలో నిలిస్తే క్రిములకు నెలవే. చీముసంచి పక్కన పెట్టుకుని కన్ను తెరిస్తే ఆ క్రిములు కంటి లోపలికి పోవచ్చు, చూపే పోవచ్చు. పొలం పని చేసేవాళ్ళకు ఆపరేషను జరక్కపోయినా ఈ ప్రమాదం ఉంది. వరి ఆకు గీసుకున్నా, ధాన్యపు పొట్టు పడినా నల్లగుడ్డు మీద చిన్న గాటు పడుతుంది. ఆరోగ్యమైన కంట్లో అది మానుతుంది. పక్కనే చీము ఊరుతుంటే పుండు పడుతుంది. నీరుకన్నును పెద్దతనమని వదిలేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కారే ప్రతి కన్నూ మూసుకున్న నాళం కాదు, అదీ తెలుసుకోవాలి. కన్ను పొడిబారితే మంట పుట్టి, దానికి బదులుగా గ్రంథి ఒక్కసారిగా నీరు కుమ్మరిస్తుంది. కన్ను పొడిగా ఉండటం వల్లే కారుతోందంటే నమ్మడం కష్టమే, కానీ చాలామందిలో కారణం అదే. వయసుతో కింది రెప్ప వదులై బయటికి తిరిగితే రంధ్రం నీటికి అందదు. అప్పుడు కిందికి, బయటికి లాగి తుడిచే అలవాటు రెప్పను ఇంకా వదులు చేస్తుంది. తుడిస్తే ముక్కు వైపుకు, మెత్తగా అద్దాలి.

మేనత్త అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తే. “అది ఎందుకు మూసుకుపోయింది బాబూ? నేనేం చేశానని?” డాక్టరు నిజాయితీగా జవాబిచ్చాడు. “మీరేం చేయలేదమ్మా. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. దారి మాత్రం వేయగలం.”

ఈ విద్య చరిత్రంతా ఆ జవాబులోనే ఉంది. పదో తరగతి జీవశాస్త్రంలో మూత్రపిండం పాఠం చదివినవాళ్ళకు బౌమన్ గుళిక గుర్తుంటుంది. ఆ విలియం బౌమనే 1850లలో లండన్‌లో కన్నీటి నాళాన్ని సాపు చేసే లోహపు శలాకలు తయారుచేశాడు. వరస నంబర్లతో, బాగా సన్నటి దాని నుంచి కాస్త మందం దాకా, ఇవాళ్టికీ ఆయన పేరుతోనే ఆపరేషను బల్ల మీద ఉంటాయి. పిల్లల్లో అవి అద్భుతంగా పనిచేస్తాయి. పెద్దల్లో మాత్రం పొడిచి తెరిచిన నాళం మళ్ళీ పూడుకుంటుంది. 1904లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అద్దేయో తోతి వేరే దారి పట్టాడు. మూసుకున్న నాళాన్ని వదిలేసి, సంచికీ ముక్కుకూ మధ్య ఉన్న ఎముకలో కిటికీ తెరిచాడు. అక్కడి ఎముక వేలిగోరంత, కాగితమంత పలచన. దాని అవతలే ముక్కు. పూడిన మురుగు కాలువను తవ్వకుండా గట్టుకు గండి కొట్టి నీళ్ళు మళ్ళించినట్టన్నమాట. తర్వాత 1920 ప్రాంతంలో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు సంచి పొరనూ ముక్కు పొరనూ కలిపి కుట్టడం మొదలుపెట్టారు. 1989 నుంచి ముక్కులోంచే ఎండోస్కోపుతో చేసే పద్ధతి వ్యాపించింది. దీంతో ముఖం మీద కోత మచ్చ కూడా ఉండదు. ఈ ఆపరేషనును డాక్టర్లు డీసీఆర్ అంటారు. అనుభవజ్ఞుల చేతిలో పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతుంది. మా మేనత్తకూ నయమైంది. శుక్లం ఆ తర్వాత తీశారు.

ఇంత చక్కటి ఆపరేషను చేతిలో ఉండటం వల్లే, నాళం ఎందుకు మూసుకుంటుందన్న ప్రశ్న ఎనభై ఏళ్ళు మూలన పడిందని నా అభిప్రాయం. గండి కొడితే నీళ్ళు పోతున్నప్పుడు కాలువ ఎందుకు పూడిందని ఎవరడుగుతారు? 1986లో అమెరికాలో లిన్‌బర్గ్, మెక్‌కార్మిక్ అనే వైద్యులు మూసుకున్న నాళాల్లోంచి ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళ నాళం వాచి, తాపంతో ఉంది. ముదిరినవాళ్ళలో అది గొట్టంలా లేనే లేదు, గట్టిపడిన పీచులా మారింది. అంటే మూసుకోవడం ఒక్క రోజులో జరిగేది కాదు, మొదట్లో పట్టుకుంటే ఆపగలమేమో అన్న ఆశ అక్కడ పుట్టింది.

ఆ ఆశ వెంట పోతున్న చోట్లలో హైదరాబాద్ ఒకటి. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో కన్నీటి దారుల కోసమే గోవింద్‌రామ్ సెక్సరియా డాక్రియాలజీ సంస్థ ఉంది. దాన్ని నడిపే డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీ 2015లో ఈ శస్త్రచికిత్సల మీద వెలువరించిన ఇంగ్లీషు గ్రంథాన్ని దేశదేశాల వైద్యులు వాడుతున్నారు. జర్మనీలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పౌల్సెన్‌తో కలిసి ఆయన చేసిన పని మేనత్త ప్రశ్నకు దగ్గరగా వెళుతుంది.

ఈ జబ్బు ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్ళకే వస్తుంది. స్త్రీలలో ఎముక గొట్టం సగటున కొంచెం సన్నమని సీటీ స్కాన్ కొలతలు చెప్పాయి. అయితే ఆ సన్నదనం ఇరవై ఏళ్ళప్పుడూ ఉన్నదే కదా, యాభై దాటాక ఎందుకు మూసుకోవాలి? నాళం చుట్టూ రక్తనాళాల అల్లిక ఒకటి ఉందని పౌల్సెన్ బృందం చూపించింది. జలుబులో ముక్కు బిగుసుకున్నట్టే అదీ ఉబ్బి నాళాన్ని నొక్కగలదు. మాటిమాటికీ ఉబ్బి, తాపం చేసి, చివరికి పీచుగా మారడానికి ఇది ఒక దారి. ఇక హైదరాబాద్, జర్మనీ బృందాలు కలిసి చూసింది హార్మోన్లను. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్, ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఈ నాళపు గోడలో ఉన్నాయి. మూసుకున్న నాళాల్లో కొన్నిటి జాడ తగ్గింది. ముట్లుడిగిన వయసుకూ నాళం పూడటానికీ మధ్య ఒక పోగు దొరికినట్టే. అది కారణమా, జబ్బు వల్ల కలిగిన ఫలితమా అన్నది ఇంకా తేలాలి. సంచిలో ఏయే సూక్ష్మజీవులు కాపురముంటాయో వాటి జన్యువులను చదివి లెక్కించే పనీ అదే సంస్థలో సాగింది.

దక్షిణ భారతంలో, శ్రీలంకలో సంచిని పట్టే మరో వింత జీవి ఉంది, రైనోస్పోరిడియం. చెరువులు, కుంటల్లో మునిగేవాళ్ళకు వస్తుంది. కొలకు దగ్గర మెత్తటి గడ్డ, ఒక్కోసారి నెత్తురు కలిసిన కన్నీరు. చాలాకాలం దాన్ని బూజు జాతి అనుకున్నారు. 1999లో జన్యువులు చదివితే బూజు కాదని, చేపలను పట్టే కొన్ని పరాన్నజీవులకు దగ్గరి చుట్టమని తేలింది.

పసిపిల్లల సంగతి పూర్తిగా వేరు, అక్కడ ఆశే ఎక్కువ. గర్భంలో ఈ నాళం మొదట గొట్టంగా పుట్టదు, కణాల గట్టి తాడుగా పుడుతుంది. నెలలు గడిచేకొద్దీ లోపల బోలు పడుతుంది. అన్నిటికంటే ఆఖరున, పుట్టే వేళకు, ముక్కు వైపు కొస తెరుచుకుంటుంది. కొందరు బిడ్డల్లో ఆ కొసన పలచటి పొర మిగిలిపోతుంది. నెల బిడ్డ కన్ను ఎర్రబడకుండానే ఊరికే కారుతూ పుసులు కట్టడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు దీనికి చెప్పిన ఉపాయం చేతివేలు. గోళ్ళు తీసేసి, చేతులు కడుక్కుని, వేలి కొసను కొలకు మీద ఆనించి, అదిమి, ముక్కు వెంట కిందికి జార్చాలి. సంచిలోని నీటి ఒత్తిడే పొరను చించుతుంది. చెంప మీద రాస్తే లాభం లేదు, సంచి మీదే ఒత్తిడి పడాలి. ఒక్కసారి డాక్టరు దగ్గర చేయించి చూసుకుంటే తల్లికి వేలు కుదురుతుంది. పది మందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపే నయమవుతుంది. ఆరు నుంచి పది నెలల వయసులో ఇంకా కారుతున్న పిల్లలను అమెరికాలో ఒక అధ్యయనం ఆరు నెలలపాటు గమనిస్తే, ఆపరేషను లేకుండానే 66 శాతం మందికి తగ్గింది. మిగిలినవాళ్ళకు బౌమన్ శలాక ఉంది.

పుసులు కట్టిన కంటికి చనుబాలు పిండటం, కాటుక దిద్దటం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పనులే. కానీ మసి రేణువులు, క్రిములు ఈ సన్నటి దారిలోకే పోతాయి. వద్దని పిల్లల వైద్యులు చెప్పే మాట వినాలి. ఇంకో గుర్తు మరీ ముఖ్యం. బిడ్డ కన్ను కారడంతోపాటు వెలుతురు చూడలేక ముఖం తిప్పుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగా, మసకగా కనిపిస్తున్నా మర్దనతో రోజులు గడపకూడదు. అది పుట్టుకతో వచ్చే నీటికాసులు కావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 3,300 జననాలకు ఒకటని అంచనా వేశారు. పాశ్చాత్య దేశాల్లో ఇది దాదాపు పదివేలకు ఒకటి. తేడాకు మేనరికాలు ఒక కారణం. ఆ బిడ్డను ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించాలి.

పైకాలువ మీద కూడా పరిశోధన ఆగలేదు. స్టీవెన్స్-జాన్సన్ జబ్బులాంటి వాటిలో కన్నీరే ఎండిపోయినవాళ్ళ బాధ కారే కంటికన్నా కఠినం. వాళ్ళ కోసం 2012లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాస్త్రవేత్తలు మనిషి కన్నీటి గ్రంథి కణాలను గాజుపళ్ళెంలో పెంచి, అవి కన్నీటి ప్రోటీన్లు స్రవిస్తాయని చూపించారు. 2021లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ ప్రయోగశాల మరో అడుగు వేసి, మూలకణాలనుంచి చిన్న చిన్న గ్రంథి ముద్దలు పెంచింది. నరాలు పంపే సంకేతంలాంటి రసాయనం తగిలించగానే ఆ ముద్దలు ఏడవడం మొదలుపెట్టాయి. కన్నీరు మాత్రం ఒక్క బొట్టూ బయట పడలేదు. పోయేందుకు నాళం లేక నీరంతా లోపలే నిలిచి, ఒక్కో ముద్దా బుడగలా ఉబ్బుతూ పోయింది.